ఐదు క్రోనల బాకీ

మా గదిలో ఆరు మంచాలు.
కిటికీ పక్కది యోరున్‌ది.
చలికి భయపడి ఎవరమూ తీసుకోలేదు,
ఆలస్యంగా వచ్చింది, అదే మిగిలింది.

మా చొక్కాల మీద ఇంటిపేర్లు కుట్టి ఉండేవి:
హౌగ్‌లాండ్, స్ట్రాయ్, బ్యెర్కెలి. నాది తోఫ్తె.
ఆమెకు ఇంటిపేరు లేదు.
ఆ వంశంలో తొమ్మిది వందల ఏళ్లుగా
ఎవరికీ అక్కర పడలేదట.
స్టోరు గుమాస్తా పెన్సిలుతో చెవి గోక్కుని గోక్కుని
చివరికి ఉత్త పేరే కుట్టించాడు.
హాజరు పిలిచేటప్పుడు సార్జెంటు గొంతు
ఆ ఒక్కచోట తడబడేది,
లేని మెట్టు మీద అడుగేసినట్టు.

బంగాళాదుంపలు మందంగా చెక్కేది,
సగం దుంప తొక్కతోనే పోయేది.
తుపాకీ మాత్రం కళ్లు మూసుకుని విప్పి బిగించేది.
నిద్రలో పళ్లు కొరికేది.
మొదటి వారం మర్యాదగా విన్నాం.
రెండో వారం హౌగ్‌లాండ్ బూటు విసిరింది.
రాకుమారి లేచి కూర్చుని
భుజం రుద్దుకుంటూ "థాంక్స్" అంది.
ఎందుకో అప్పుడు మాకెవరికీ అర్థం కాలేదు.

మెస్సు బయట కాఫీ యంత్రం.
ఆమె జేబులో ఎప్పుడూ చిల్లర ఉండదు,
ఉండే అలవాటే లేదు.
ఒక రాత్రి ఇద్దరం కాపలా దిగి వచ్చినప్పుడు
నా దగ్గర ఐదు క్రోనల బిళ్ల తీసుకుంది.
బిళ్ల మీద వాళ్ల తాత.
యంత్రం తాతను మింగింది, ఉమ్మింది.
మళ్లీ వేసింది. మళ్లీ ఉమ్మింది.
చొక్కాకు తుడిచి, నోటి ఆవిరి ఊది,
"తాతా, ఈ ఒక్కసారి" అంది.
పడింది.

కాగితం కప్పు రెండు చేతులా పట్టుకుని
"తర్వాత నాన్న, ఆ తర్వాత నేను" అంది,
బస్సు స్టాపులు చెబుతున్నట్టు.
"నా ముఖం ఈ బిళ్ల ఎక్కాలంటే మా నాన్న పోవాలి.
మూడు భాషలు, గుర్రపు స్వారీ,
ఎవరేమన్నా నొచ్చుకోని ముఖం,
నేర్పిందంతా ఆ ఒక్క రోజు కోసమే.
ఆ రోజు రావద్దని
రోజూ పడుకునే ముందు వేడుకుంటాను."

ఏమనాలో తోచలేదు.
మాది దీవుల వైపు.
"మా నాన్న పోతే నాకు పడవ వస్తుంది" అన్నాను.
"పాత ఇంజను, అడుగున చెమ్మ,
బ్యాంకు వాయిదాలు ఇంకా ఏడేళ్లు."
పగలబడి నవ్వింది. కాఫీ మంచు మీద ఒలికింది.
"మార్చుకుందామా?"
వద్దన్నాను.
అంత వెంటనే అన్నందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఫిబ్రవరిలో, మంగళవారం, తెల్లారకముందే
నల్ల కారు లైట్లు ఆర్పకుండా వచ్చి నిలబడింది.
కెప్టెన్ తలుపు తట్టాడు.
అంతకుముందు ఎన్నడూ తట్టి ఎరగడు,
అప్పుడే తెలిసిపోయింది.
ఆమె దుప్పటి మడిచింది, నాలుగు మూలలూ సరిచూసి.
మడవమని ఎవరూ అనలేదు.
బూటు లేసు సగంలో ఆపి
"నాన్నకు ఎవరు చెప్పారో" అంది.

బస్సు ఒక స్టాపు దాటింది.
హీటరు మీద తడి మేజోడు ఒకటి ఉండిపోయింది.

అంతిమయాత్ర టీవీలో చూశాం, మెస్సులో నిలబడి.
నల్ల కోటు. నొచ్చుకోని ముఖం.
స్ట్రాయ్ ఏడ్చింది.
హౌగ్‌లాండ్ తన బూట్ల వంక చూసుకుంది.
నేను ఆమె చేతులు చూశాను:
గ్లౌజులో బొటనవేలు
మిగతా వేళ్లను ఒక్కొక్కటే లెక్కబెడుతోంది,
కాపలాలో చలికి వేళ్లున్నాయో లేదోనని
మేమందరం చేసినట్టే.

ఇప్పుడు వాళ్ల నాన్న బిళ్లలు వచ్చాయి.
మెస్సు యంత్రం వాటిని అసలు గుర్తుపట్టదు,
పాతవి ఏరి దాచుకుని వాడుతున్నాను.
నీ ఐదు క్రోనల బాకీ అలాగే ఉంది.
తొందరేం లేదు, యోరున్.
మీ నాన్న నూరేళ్లు ఉండాలి.
మా నాన్నకు మోకాళ్లు పట్టేశాయి,
అయినా నిన్న వలేశాడట.